తాళం వేయని బడి

రవళి మొదటి ఉద్యోగం వారం కూడా నిలవలేదు.

కెమిస్ట్రీలో డిగ్రీ పూర్తిచేసి, సంగారెడ్డిలోని ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పడానికి చేరింది. ఇంట్లో అద్దం ముందు చెప్పుకుంటే పాఠం గడగడా వచ్చేది. క్లాసులో పిల్లల కళ్ళన్నీ తనవైపు తిరగగానే గొంతు పూడుకుపోయేది. బోర్డు మీద రాయబోతే చెయ్యి వణికి అక్షరాలు వంకరపోయేవి. ఎదుటి మనిషి భయపడుతున్నాడని పిల్లలు ఇట్టే పసిగడతారు. వెనక బెంచీలోంచి ఎవరో ఆమె గొంతును అనుకరించారు. క్లాసంతా గొల్లుమంది. రవళి చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికొచ్చి, వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ప్రిన్సిపాల్ మంచాయనే. "కొన్నాళ్ళు ఇంటికాడ రెస్టు తీసుకోమ్మా" అన్నాడు. మళ్ళీ రమ్మని మాత్రం పిలవలేదు.

వాళ్ళది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. తండ్రి ఐలన్నకు కొంచెం పత్తిచేను ఉంది. అది చాలక పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో బాయిలర్ సెక్షన్లో పనిచేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, పొద్దుగూకాక దిగుతాడు. బిడ్డ ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "పిల్లగాండ్లు నిన్ను సూసి భయపడాలె గని, నువ్వు వాండ్లను సూసి భయపడుడేంది బిడ్డా?"

ఒక సంగతి మాత్రం రవళికి తెలుసు. నలుగురైదుగురు పిల్లలు చుట్టూ నేల మీద కూర్చుంటే ఆమె గొంతు పూడుకుపోదు. పక్కింటి పిల్లలకు అలా చెప్పిన రోజుల్లో ఆమెకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

ఐలన్న అక్క పుష్పమ్మ గడ్డపోతారంలో ఉంటుంది. భర్త పోయాక రెండంతస్తుల ఇల్లు ఒక్కతే చూసుకుంటోంది. కింద కిరాణా కొట్టు, సెల్‌ఫోన్ల రిపేరు షాపు కిరాయికి ఇచ్చింది. ఎటు చూసినా మందుల కంపెనీలు, వాటిలో పనికి బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్ళ గదులు. వాళ్ళ పిల్లలకు బడిలో తెలుగు అర్థం కాదు, ఇంగ్లీషూ అర్థం కాదు. ఇక్కడి పిల్లల తల్లిదండ్రులకు షిఫ్టులు. పుష్పమ్మే కబురు పెట్టింది. "పైన హాలు ఖాళీగుంది. అచ్చి గీ పోరగాండ్లకు నాలుగక్షరాలు నేర్పరాదే. నా ఇంట్ల ఉండు, నా తోటి తిను."

అలా మొదలైంది రవళి ట్యూషన్. తన పేరు రాసిన బోర్డు మెట్ల దగ్గర తగిలించిన రోజు, దాన్ని చూడడానికే ఆమెకు భయమేసింది. దారిన పోయేవాళ్ళు చదువుతుంటే కిటికీ పక్కకు తప్పుకునేది. తొలి రోజుల్లో ఇద్దరే వచ్చారు. వాళ్ళకు తెలుగును హిందీలో, హిందీని బొమ్మల్లో చెప్పింది. నెల తిరిగేసరికి ఆ ఇద్దరి వెంట ఇంకొందరు వచ్చారు. దసరా సెలవులయ్యేసరికి హాలు సరిపోలేదు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి చెప్పేది కాబట్టి గొంతు ఆమెను మోసం చేయలేదు. ఇక బాగుపడ్డాననుకుంది.

మెట్లు నేరుగా రోడ్డు మీదికి దిగుతాయి. టిప్పర్లు, ట్యాంకర్లు ఆగకుండా తిరిగే రోడ్డు అది. ఒకసారి ఒక పిల్లవాడు బంతి కోసం పరుగెత్తబోతే లారీ రాసుకుంటూ పోయింది. ఆ దడుపుతో రవళి మెట్ల పైన ఇనుప గేటు పెట్టించి, పాఠం జరిగినంతసేపూ తాళం వేసుకునేది. తాళంచెవి చున్నీ కొసకు కట్టుకునేది.

మరుసటి ఏడు వానాకాలం. ముసురు పట్టి, గాలి కదలని ఒక సాయంత్రం. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. ముందు ఒకరిద్దరు దగ్గారు. తర్వాత రవళి కళ్ళు మండాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో ఘాటు కలిసినట్టు ఏదో గాలిలో వచ్చింది. కంపెనీల వాసన ఆ ఊళ్ళో కొత్తేం కాదు గనుక కిటికీలు మూసింది. అప్పుడే సైరన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. కింద రోడ్డు మీద మనుషులు ముక్కుకు గుడ్డలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుతున్నారు. ఎటు పోవాలో ఎవరికీ తెలిసినట్టు లేదు. సగం మంది ఇటు పోతుంటే సగం మంది అటు పోతున్నారు.

పిల్లలందరూ ఒక్కసారిగా లేచి గేటు మీద పడ్డారు.

రవళి వాళ్ళ మధ్యనుంచి గేటు దగ్గరికి చేరింది. చున్నీ ముడి విప్పి తీసిన తాళంచెవి చేతిలోనే ఉంది. తాళం కళ్ళ ముందే ఉంది. చెవిని తాళంలో పెట్టాలి, అంతే. ఆ చిన్న పని ఆమెకు చేతకాలేదు. వేళ్ళు తనవి కానట్టు వేలాడాయి. ఎవరో పాప చున్నీ లాగుతూ "దీదీ, ఖోలో నా, దీదీ" అని, తెరవమని ఏడుస్తోంది. వినబడుతూనే ఉంది. ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వినబడుతున్నట్టుంది.

పుష్పమ్మ తడి తువ్వాలు మూతికి చుట్టుకుని మెట్లెక్కి వచ్చింది. గేటు సందులోంచి చెయ్యి పెట్టి, రవళి చేతిలోంచి చెవి లాక్కుని బయటి నుంచే తాళం తీసింది. పిల్లలను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపింది. అందరూ దిగాక పైకొచ్చి మేనకోడలిని కూడా రెక్క పట్టి లాక్కుపోయింది.

ఏ కంపెనీలో ఏం లీకైందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. గంటలో గాలి తేటపడింది. చావులేం కాలేదు. కానీ స్నిగ్ధ అనే మూడో తరగతి పాపకు ఆయాసం ఆగక సంగారెడ్డి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ పాప తండ్రి బాలరాజ్ కంపెనీలకు కూలీలను పంపే కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి. మరునాడు పుష్పమ్మ ఇంటి ముందు నిలబడి, గొంతు పెంచకుండా ఒకే మాట అడిగాడు.

"పిల్లలకు లెక్కలు నేర్పెటిదానివి, తాళం తియ్యరాలేదా నీకు?"

ఆ మాట ఆ సాయంత్రానికల్లా గడ్డపోతారం అంతా తిరిగింది. రెండోనాడు ట్యూషన్‌కు ఒక్కరూ రాలేదు. మూడోనాడు రవళే బోర్డు దించి, బట్టలు సర్దుకుని కొండాపూర్ బస్సెక్కింది.

ఇంటికొచ్చాక భయం ఇంకో రూపం ఎత్తింది. ఏ తలుపూ గడియ పెట్టనిచ్చేది కాదు. స్నానాల గది తలుపు కూడా దగ్గరకు వేసేదే తప్ప గడియ పెట్టుకునేది కాదు. బ్లీచింగ్ పౌడరు వాసన వస్తే చాలు, గబగబా వాకిట్లోకి వచ్చేసేది. బస్సు హారన్ సైరన్‌లా వినబడి ఉలిక్కిపడేది. రాత్రి పడుకుంటే వేళ్ళు వాటంతటవే కదిలేవి, తాళం తీస్తున్నట్టు. ఆ పాపకేమైనా అయ్యుంటే అన్న ఆలోచన వచ్చినప్పుడు ఊపిరి సగంలో ఆగిపోయేది. తల్లి దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. చుట్టాలు సంబంధాలు చూద్దామన్నారు. ఐలన్న ఏదీ కాదనలేదు, అవుననలేదు.

ఒక ఆదివారం పత్తిచేనుకు మందు కొట్టడానికి పోతూ బిడ్డను వెంట రమ్మన్నాడు. రవళి గట్టు మీద, మందు వాసనకు దూరంగా కూర్చుంది. ఆయన డబ్బా నింపుకుంటూ, ఏదో పంటల సంగతి చెబుతున్నట్టే చెప్పాడు.

"కంపెనీల చేరిన కొత్తల మాక్ డ్రిల్లు పెట్టిన్రు. ఉత్తుత్తి సైరనే, ఉత్తుత్తి పొగనే. ముందుగాలే చెప్పిన్రు ఉత్తదని. అయినా నేను పొగ దిక్కే ఉరికిన. అందరూ పడిపడి నవ్విన్రు."

రవళి తల ఎత్తింది. తండ్రి పరుగెత్తడం ఆమె ఊహకు అందలేదు.

"అది చాలదని లాగు కూడా తడిసింది" అన్నాడాయన, నవ్వకుండా. "మీ అవ్వకు చెప్పలే. తర్వాత మల్ల డ్రిల్లు పెట్టిన్రు, మల్ల పెట్టిన్రు. ఒకపారి సైరన్ మోగంగనే సూస్త కద, నేను గేటు బయటున్న. ఎప్పుడచ్చిననో నాకే తెల్వదు. కాళ్ళే తీస్కపోయినయ్."

"ఇప్పుడు భయమైతలేదా నాయినా?"

"ఎందుకైతలేదు. పొద్దుగాల గేటుల పోయేటప్పుడు రోజూ అయితది." డబ్బా భుజానికెత్తుకుని సాలులోకి దిగాడు.

రవళి ఆ రాత్రి నిద్రపోలేదు. కానీ ఈసారి వేరే ఆలోచనతో. కంపెనీ గోడ లోపల పనిచేసేవాళ్ళ కాళ్ళకు నేర్పించేవాళ్ళున్నారు. గోడ బయట, ఆ గాలే పీలుస్తూ బతికే ఆడవాళ్ళకు, పిల్లలకు ఎవరు నేర్పారు? తనకు ఎవరు నేర్పారు?

ఆ ప్రశ్నతోనే ఆమె మళ్ళీ గడ్డపోతారంలో బస్సు దిగింది. ముందు పోవలసిన చోటు ఒకటుంది. బాలరాజ్ ఇల్లు. ఆ వీధి మొదటికి వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి తలుపు తట్టింది. అతని భార్య అరుణ తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. స్నిగ్ధ తల్లి వెనక దాక్కుని తొంగి చూసి, లోపలి గదిలోకి పరుగెత్తింది. పాప తనను చూసి పారిపోవడం రవళికి బాలరాజ్ మాటకన్నా గట్టిగా తగిలింది.

"ఇప్పుడెందుకచ్చినవ్?" అన్నాడు బాలరాజ్.

"తప్పు నాదే అన్నా. గేటుకు తాళమేసుడు తప్పు. తియ్యకపోవుడు ఇంకా పెద్ద తప్పు. అది చెప్పుదామనే వచ్చిన." మిగతాది తొందరగా చెప్పేసింది. "మల్ల మొదలుపెడుతున్న. ఈసారి పిల్లలకు సైరన్ మోగితే ఏం చెయ్యాల్నో కూడా నేర్పుత. పాపను పంపుమని అడుగుతలేను. మీకు తెల్వకుండ మొదలుపెట్టొద్దని..."

"నా బిడ్డ రాదు" అన్నాడు బాలరాజ్. పొమ్మని మాత్రం అనలేదు. రవళి అక్కడినుంచి నేరుగా పుష్పమ్మ ఇంటికి నడిచింది.

పుష్పమ్మ ఒకటే షరతు పెట్టింది. "పైన వద్దు. కింద వెనక రేకుల షెడ్డు ఊడ్పిచ్చిన. రెండు దిక్కుల తలుపులున్నయ్. తాళాలు నా దగ్గర పెట్టుకున్న. గవి నీకియ్య."

బడి మళ్ళీ తెరిచింది. ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఒడిశా పిల్లలే, ఆ సాయంత్రం సంగతి తెలియని కొత్తవాళ్ళు. రోజూ పాఠం, శనివారం డ్రిల్లు. తండ్రిని అడిగి తెలుసుకుంది, ఆయన ద్వారా కంపెనీ సేఫ్టీ ఆఫీసరును అడిగించింది, పుస్తకాల్లో వెతికింది. డాబా మీద కర్రకు పాత చీర పేలిక కట్టింది. గాలి ఎటు వీస్తే పేలిక అటు ఎగురుతుంది. గాలి మన మీదికి వాసన తెస్తుంటే దాని వెంట పరుగెత్తకూడదు, గాలికి అడ్డంగా పక్కకు నడవాలి, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకోవాలి, చిన్నవాళ్ళ చెయ్యి పెద్దవాళ్ళు పట్టుకోవాలి. ఆమె స్టీలు పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టగానే పిల్లలు పేలికను చూసి, జతలుగా బయటికి నడవాలి. పిల్లలకు అది ఆటగా ఉండేది. రవళికి ఆట కాదు. మొదటిసారి తానే పళ్ళెం కొట్టి, ఆ చప్పుడుకు తానే బిగుసుకుపోయి నిలబడింది. ఒక పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించింది. వారం వారం కొట్టింది. వానాకాలం వెళ్ళేసరికి పళ్ళెం మోగాక ఆమె కాళ్ళు కూడా పిల్లల కాళ్ళతో పాటే కదలడం మొదలుపెట్టాయి.

ఊళ్ళో కొందరు నవ్వారు. కొందరికి కోపమొచ్చింది. "పోరగాండ్లను ఉత్తగ పరేషాన్ చేస్తుంది" అన్నారు. కానీ గదుల్లో ఉండే తల్లులు శనివారాలు వచ్చి గోడవారన నిలబడి చూడసాగారు. తర్వాత వాళ్ళూ పిల్లల వెనక నడిచారు. పిల్లల సంఖ్య మెల్లగా పెరిగింది.

అప్పుడు ఒక తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగినాయన పేరు చంద్రకాంత్. దగ్గర్లోని ఒక మందుల కంపెనీలో హెచ్ఆర్ మేనేజరు. లోపలికొచ్చి, గోడ మీద పిల్లలు వేసిన సైరన్ బొమ్మలను ఒక్కొక్కటే చూశాడు.

"ఏంది మేడమ్ ఇది? మేము ఇక్కడ వందల మందికి పని ఇస్తున్నం. మీరేమో మేము మనుషులను చంపెటోళ్ళమన్నట్టు పిల్లలకు నూరిపోస్తున్నరు. పైవాళ్ళు చూస్తే బాగుంటదా?"

రవళి మనసులో లెక్క కట్టింది. ఇల్లు పుష్పమ్మది. కింద షాపులకు గిరాకీ ఈ కంపెనీలవాళ్ళే. తండ్రి ఉద్యోగం ఇలాంటి ఇంకో కంపెనీలోనే. ఒక్క ఫోను చాలు. "ఆపేస్త సార్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏ కంపెనీ పేరూ చెప్పం సార్" అంది, నేల చూస్తూ. "మీ లోపల డ్రిల్లు చేస్తరు కద. మేము బయట చేస్తున్నం. శనివారం వచ్చి ఒకపారి చూడుండ్రి. తప్పుంటే చెప్పుండ్రి."

చంద్రకాంత్ కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు రవళి తెల్ల కారు ఏది కనబడినా ఆగిపోయేది. పుష్పమ్మతో ఆ సంగతి చెబితే, ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఇల్లు నాది. ఎవడస్తడో రానియ్" అంది. రవళికి ఆ ధైర్యం రాలేదు. శనివారం డ్రిల్లు మాత్రం ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

చలికాలంలో ఫోనొచ్చింది. చంద్రకాంతే. కంపెనీలో చిన్న మంట లేచిందట. ఆరిపోయింది. కానీ కొత్తగా చేరిన బీహారు కుర్రాళ్ళు తోసుకుని ఒకరి మీద ఒకరు పడ్డారట, ఒకతని చెయ్యి విరిగింది. "మా ట్రైనింగంతా ఇంగ్లీషుల, స్లైడుల మీద నడుస్తది మేడమ్. వాళ్ళకు ఎక్కుతలేదు. మీరు శనివారం పిల్లలకు చెప్పింది నేను రోడ్డు అవతల్నుంచి చూసిన. మీరొచ్చి ఒకపారి చెప్తరా?"

వస్తానని అనేసింది. ఫోను పెట్టేశాక తెలిసింది, ఏమన్నదో.

క్యాంటీన్ హాలు నిండా మగవాళ్ళు. నీలం యూనిఫారాలు, షిఫ్టు అలసట, ఆమె వైపు తిరిగిన కళ్ళు. మైకు చేతికిచ్చారు. రవళి నోరు తెరిచింది. సంగారెడ్డి స్కూల్లో పూడుకుపోయినట్టే గొంతు పూడుకుపోయింది. ఎవరో ముసిముసిగా నవ్వారు. మరెవరో "మేడమ్ సో గయీ" అని, నిద్రపోయిందన్నట్టు ఎగతాళి చేశారు. చంద్రకాంత్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. రవళి కళ్ళకు హాలు చివర తలుపొక్కటే కనబడింది. పరుగెత్తి పోవాలనిపించింది.

మైకు బల్ల మీద పెట్టేసింది. పక్కన కడిగి పేర్చిన స్టీలు పళ్ళేల్లోంచి ఒకటి లాగి, గరిటె తీసుకుని బలమంతా పెట్టి కొట్టింది. చెవులు గింగురుమనేలా, ఆగకుండా కొట్టింది. మనుషులు ఉలిక్కిపడి లేచారు. కుర్చీలు పడ్డాయి. అందరూ వచ్చిన తలుపు దగ్గరికే తోసుకున్నారు. క్షణంలో అక్కడ ఒకరి మీద ఒకరు ఇరుక్కుపోయారు. చప్పుడు ఆగింది. పరిగెత్తినవాళ్ళు సిగ్గుపడుతూ వెనక్కి చూశారు.

ఇప్పుడు ఎవరూ ఆమెను చూడడం లేదు. తలుపునే చూస్తున్నారు. రవళికి ఊపిరి ఆడింది.

"భయ్యా" అంది. గొంతు సన్నగానే వచ్చింది గానీ వచ్చింది. "ఇస్ కమరే మే కిత్‌నే దర్వాజే హై?"

ఆ గదికి ఎన్ని తలుపులున్నాయో ఎవరికీ తెలియదు. వెతికారు. ఎడమవైపు ఒకటి తెరిచే ఉంది, ఎవరూ అటు పోలేదు. కుడివైపు ఇంకొకటి ఉంది. దాని ముందు నడుమెత్తు దాకా ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆ కుర్చీలను ఎత్తిచూపితే, తనను పిలిచిన మనిషిని అందరి ముందూ తప్పుపట్టినట్టవుతుంది. ఆమె చెమట పట్టిన చేతులు చున్నీకి తుడుచుకుంది.

"సార్, ఆ కుర్చీలు అక్కడ ఉండొద్దు" అంది తెలుగులో, చంద్రకాంత్‌ను చూడకుండా.

చంద్రకాంత్ లేచి, ఎవరినీ పిలవకుండా తానే రెండు కుర్చీలు ఎత్తాడు. ఆ తర్వాత ముందు వరుసలోవాళ్ళంతా లేచారు. తలుపు తెరుచుకుంది. రవళి మళ్ళీ పళ్ళెం అందుకుంది. "ఫిర్ సే, మళ్ళీ ఒకపారి" అంది. షిఫ్టు బస్సు వచ్చేదాకా వాళ్ళను మూడు తలుపుల్లోంచీ బయటికి నడిపిస్తూనే ఉంది. గేటు బయటికి వచ్చాక కాలువ పక్కన కూర్చుని పొద్దున తిన్నదంతా కక్కేసింది.

ఆ కంపెనీ మళ్ళీ పిలిచింది. తర్వాత ఇంకో రెండు పిలిచాయి. పిల్లల ట్యూషనూ, కొత్త కార్మికులకు తెలుగు, హిందీ, ఒడియా మాటల్లో డ్రిల్లూ, గదుల్లో ఉండే ఆడవాళ్ళకు వేరే బ్యాచీ నడుస్తున్నాయి. రవళి కింద ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. బాలరాజ్ కుటుంబం ఇస్నాపూర్‌కు మారిపోయింది. స్నిగ్ధ తిరిగి రాలేదు. బస్టాండులో ఒకసారి ఎదురుపడినప్పుడు బాలరాజ్ తల పంకించి వెళ్ళిపోయాడు. అది క్షమించడమో కాదో రవళి అడగలేదు.

మొన్న పటాన్‌చెరులో రెండో సెంటరు తెరిచారు. హాలు పెద్దది, అన్నివైపులా తలుపులే. ఆ పొద్దున రవళి ఏమీ తినలేదు. తింటే ఏమవుతుందో తెలుసు. వెనక గదిలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. బయట జనం చెప్పులు విడుస్తున్న చప్పుడు, పిల్లలను కూర్చోమంటున్న తల్లుల గొంతులు. ఐలన్న సెలవు పెట్టి వచ్చాడు. తలుపు దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "అందరచ్చిన్రు బిడ్డా. జల్దీ రా."

"వస్తున్న నాయినా. జెర ఆగు" అంది రవళి. ఆయన ఆగాడు. ఆమె చేతుల వణుకు తగ్గలేదు. తగ్గేదాకా చూస్తే జనం లేచిపోతారు. వణుకుతున్న చేతుల్తోనే చున్నీ సర్దుకుని హాల్లోకి నడిచింది.